క్లిఫర్డ్ ఒప్పుకోడు

క్లిఫర్డ్ హోల్డెన్‌కు ఒక్కటే జబ్బు: దేన్నీ ఒప్పుకోడు. గురువారం సాయంత్రం 'వీట్‌షీఫ్' పబ్బులో క్విజ్ జరుగుతున్నంతసేపూ అర పైంటు బీరు ముందు పెట్టుకుని కూర్చునేవాడు. పబ్బు నడిపే డోరీన్ జవాబు చదవడమే ఆలస్యం, "అభ్యంతరం!" అని చెయ్యెత్తేవాడు.

"సాలీడుకు ఎనిమిది కాళ్లు" అంది ఒకసారి డోరీన్.

"మా ఆవిడ చీపురు తగలకముందా, తగిలాకా?"

ఆ రోజు సాలీడు కాళ్ల మీద పబ్బంతా రెండు పార్టీలుగా చీలిపోయింది. ఆయనతో జట్టు కట్టిన పాపానికి భార్య ఐవీ తల బాదుకునేది. "నీ పుణ్యమా అని ఆఖరు స్థానం మనకే రాసిచ్చేశారయ్యా!" అనేది. ఆయన మీసం దువ్వుకునేవాడు, అంతే.

ఇలా ఉండగా ఓ గురువారం డోరీన్‌కు చెమటలు పట్టాయి. పబ్బు భవనం బీరు కంపెనీది. దాన్ని ఉంచాలో మూసెయ్యాలో తేల్చడానికి ఆ కంపెనీ తరఫున లీచ్ అనే పెద్దమనిషి వస్తున్నాడు. ఆ వీధిలో మిగతా పబ్బులు అప్పటికే మూతపడ్డాయి. జనం సూపర్‌మార్కెట్లో బీరు డబ్బాలు కొనుక్కుని సోఫాల్లో సీరియళ్లు చూస్తున్నారు. కుర్రకారు తాగుడు మానేసి, ఆ డబ్బుతో స్పెయిన్ చెక్కేస్తున్నారు. డోరీన్ కాపురం పబ్బు మేడమీదే. పబ్బు పోతే తలదాచుకునే చోటూ పోతుంది.

"క్లిఫర్డ్, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క పూట నోరు మూసుకో. ఆయన ముందు రభస జరిగితే నా కొంప మునుగుతుంది."

"మరీ అన్యాయమైన జవాబొస్తే..."

"అయినా సరే!"

"నీ ఇష్టం తల్లీ" అన్నాడు, పన్ను పీకించుకోబోయేవాడి మొహం పెట్టి.

క్విజ్ మొదలైంది. లీచ్ గారు కౌంటరు దగ్గర నారింజరసం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ప్రశ్నలు నీళ్లలా సాగిపోయాయి. క్లిఫర్డ్ పెదవి కొరుక్కుంటున్నాడు. మొహం ఎర్రబడింది. "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?" అంది ఐవీ, మొదటిసారి నిజంగా కంగారుపడి. డోరీన్ మాత్రం గండం గడిచిందనుకుంది.

ఆఖరి జవాబు కాగానే కుర్చీలు జరిగాయి.

"అప్పుడే అయిపోయిందా? ఇంటికెళ్తే సీరియల్ అందుకోవచ్చు" అంటూ ఒకామె కోటు తీసుకుంది. ఆమె వెనకే అందరూ లేచారు.

డోరీన్ గడియారం వైపు చూసింది. మామూలు గురువారాల్లో ఈ వేళకు సగం ప్రశ్నలైనా అయ్యేవి కావు. గొడవ ముదిరేకొద్దీ గొంతులెండేవి, గొంతులెండేకొద్దీ గ్లాసులు నిండేవి. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎలా తట్టలేదు?

"బాధపడకండి మేడమ్" అన్నాడు లీచ్ గారు జాలిగా. "మీ తప్పేం లేదు. జనం ఇప్పుడు ఖర్చంతా ఇంట్లోనే పెట్టుకుంటున్నారు."

ఆ జాలికే ఆమెకు ఎక్కువ భయం వేసింది. క్లిఫర్డ్ వైపు చూసింది. ఆయన రెప్పవేయకుండా ఆమెనే చూస్తున్నాడు. డోరీన్ మైకు అందుకుంది.

"ఆఖరి జవాబు మళ్లీ చెబుతున్నా! బ్రిటన్‌లో అన్నిటికంటే పొడవైన నది సెవెర్న్. ఎవరికైనా... అభ్యంతరమా?"

"ఉంది!" క్లిఫర్డ్ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. "థేమ్స్!"

"నీ మొహం!" గుమ్మం దగ్గర ఒకడు సగం తొడిగిన కోటుతో వెనక్కి తిరిగాడు. "సెవెర్నని చంటిపిల్లనడిగినా చెబుతుంది!"

"సెవెర్న్ ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో నువ్వు చూశావా? నీళ్లలో గీత గీసి పెట్టారా?"

కోటు విప్పేశాడు వాడు. "డోరీన్, ముందు పైంటు పొయ్యి. ఈయనకివాళ బుద్ధి చెప్పాలి!"

"ఫోను తీసినవాడు ఓడినట్టే!" అని ఐవీ ఆర్డరు వేసింది.

జనం కుర్చీలు లాక్కుని మళ్లీ చేరారు. డోరీన్‌కు ఊపిరి సలపడం లేదు, గ్లాసులు చాలడం లేదు. "ఆయనన్న దాంట్లోనూ న్యాయం లేకపోలేదు" అని లీచ్ గారు గొణిగి చూశాడు. సెవెర్న్ పార్టీ అంతా ఆయన మీద పడింది. తనను కాపాడుకోవడానికి ఆయన ఓ పైంటు బీరూ, మాంసం కూరి కాల్చిన రెండు పైలూ తెప్పించుకోవాల్సి వచ్చింది.

వెళ్లేటప్పుడు లీచ్ గారి టై వదులుగా వేలాడుతోంది. "మూసే సంగతి తర్వాత చూద్దాం మేడమ్. ముందు ఈ నది సంగతి తేలాలి. వచ్చే గురువారం మ్యాపు తెస్తాను" అన్నాడు.

డోరీన్ క్లిఫర్డ్ పక్కన కూలబడింది. "ఇన్నేళ్లూ వెధవ అనిపించుకున్నది నాకోసమా?"

"మెల్లగా తల్లీ! ఐవీ వింటే నన్ను బతకనివ్వదు."

"అయితే అది సెవెర్నేనని నీకు ముందే తెలుసా?"

"తెలియకేం? నేను పుట్టింది దాని ఒడ్డునే" అన్నాడు క్లిఫర్డ్. "రెండుసార్లు పడ్డాను కూడా."