ఎండబెట్టిన సెల్లు

ఆ రోజుల్లో నర్సీపట్నంలో కరెంటు ఎప్పుడు పోతుందో అందరికీ తెలుసు; ఎప్పుడు వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయేవారు. అందుకని ప్రతి ఇంట్లోనూ గూట్లో ఒక కిరసనాయిలు బుడ్డి, దాని పక్కన అగ్గిపెట్టె ఉండేవి. మనుషులు వాటిని నమ్ముకుని నిశ్చింతగా ఉండేవారు. నాకు మాత్రం బుడ్డిలో నూనె ఉందన్న నమ్మకం ఉండేది కాదు, అగ్గిపెట్టెలో పుల్లలున్నాయన్న నమ్మకమూ ఉండేది కాదు. అసలు ఇరవై మూడేళ్ల వయసులో నేను దేన్నీ నమ్మలేదు. బస్టాండు దారిలో అద్దెకిచ్చే డిటెక్టివు నవలలన్నీ కాలేజీ చదువు పూర్తయ్యేలోగా చదివేశాను. దాని ఫలితంగా పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడని, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడని అనుకునేవాణ్ణి. ఆ తర్వాత మంచి పుస్తకాలు చాలా చదివాను కానీ, మొదట చదివినవే ఒంటికి పట్టాయి.

మాది రావికమతం దగ్గర పల్లె. నర్సీపట్నంలో ఒక ఆఫీసులో గుమస్తా ఉద్యోగం రాగానే మా అప్ప (మా వైపు అక్కని అలాగే పిలుస్తాం) ఇంట్లో దిగాను. నన్ను రికార్డు గదిలో వేశారు. ఆ గదికి కిటికీ లేదు. బీరువాల నిండా గుడ్డల్లో కట్టిన పాత భూమి కాగితాల కట్టలు. మధ్యలో ఒక్క బల్బు. కాగితాల గది కాబట్టి అగ్గిపుల్ల, కొవ్వొత్తి నిషేధం. ఆఫీసుకి మూడు సెల్లుల పెద్ద టార్చిలైటు ఒకటుండేది కానీ, అది పెద్దగుమస్తాగారి సొరుగులో ఉండేది. దానికో రిజిస్టరు. తీసుకున్న వేళ, ఇచ్చిన వేళ, సంతకం, కారణం రాయాలి. (కారణం అన్న గడిలో అందరం 'చీకటి' అని రాసేవాళ్లం.) రాసి సంతకం పెట్టేలోగా ఒక్కోసారి కరెంటే వచ్చేసేది. గది తాళంచెవులు నా దగ్గరే ఉండేవి కాబట్టి, ఆ గుత్తికే తగిలించుకునే చిన్న టార్చి ఒకటి కొనుక్కుంటే ఎవరినీ అడగక్కర్లేదు కదా అనిపించింది. అలాంటివి అప్పుడప్పుడే ఫ్యాన్సీ షాపుల్లోకి వస్తున్నాయి.

ఈ సంగతి మా బావకి చెప్పడం నా పొరపాటు. బావ కొయ్యూరు బస్సుకి కండక్టరు. ఊళ్లో ఏ వస్తువు ఏ షాపులో దొరుకుతుందో ఆయనకి తెలుసు, షాపులవాళ్లందరూ ఆయనకి తెలుసు. అక్కడే నాకు అనుమానం. ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఒక ఫ్యాన్సీ షాపుకి తీసుకెళ్లాడు. షాపాయన గాజుపెట్టెలోంచి మూడు రకాలు తీశాడు. మొదటిది బంగారు రంగుది. దానికి ఈల, గోళ్లు కత్తిరించుకునేది, దిక్కులు చూపించే ముల్లు అన్నీ ఉన్నాయి. రెండోది ప్లాస్టిక్కు చేప, తోక నొక్కితే నోట్లోంచి వెలుతురు. మూడోది నల్ల రేకు గొట్టం, వేలంత పొడవు, ఒక్క పెన్సిలు సెల్లు, ఒక్క మీట, ఒక రింగు.

"ఇది తీస్కో బామ్మర్దీ," అన్నాడు బావ, నల్లదాన్ని నా చేతిలో పెట్టి.

"దీనికి ఈల లేదు కదా," అన్నాను.

"ఈలేటి సేస్తావు? కాయితాలు నీ ఈలకి లెగిసి వొచ్చేస్తాయేటి? నీకు ఎలుగు కావాలా, ఇసిత్రాలు కావాలా?"

"దిక్కులు చూపించేది..."

"ఓరి బాబూ, కిటికీ లేని గదిలో తూర్పెటో తెలిసి ఏటి సేస్తావురా!"

షాపాయన నవ్వాడు. నవ్వి, బావకి మాత్రం టీ తెప్పించాడు. నా మనసులో పుస్తకం పేజీ ఒకటి తిరిగింది. ఆడంబరాలంటే నాకూ పడదు, ఆ నల్లదే నాకూ నచ్చింది; కానీ అది బావకి కూడా అంతగా ఎందుకు నచ్చాలి? టీ ఎందుకు వచ్చింది? పైగా బావ, "నాకూ ఇలాంటిదే ఒకటి పడీండి, బేగులో ఉంటాది," అని తనూ ఒకటి తీసుకున్నాడు. నా చేత కొనిపించినందుకు అది ఆయనకి ముట్టిన కమీషను అని తేల్చేసుకున్నాను. (ఆయన తన డబ్బులు తను ఇవ్వడం కళ్లారా చూశాను. అది నన్ను నమ్మించడానికి ఆడిన నాటకం అనుకున్నాను.) ఇంటికి రాగానే నా టార్చి మూత విప్పి, గుండుసూదితో సెల్లు అడుగున గుణకారం గుర్తు గీశాను. ఇద్దరివీ ఒకే రకం టార్చిలు, ఒకే రకం సెల్లులు. తన సెల్లు అయిపోగానే బావ నాది మార్చేస్తే పట్టుకోవాలి కదా.

నాలుగు రోజులు టార్చి చక్కగా వెలిగింది. అయిదో రోజు తెల్లవారుతూ లేచేసరికి బావ వీధి అరుగు మీద కూర్చుని, నా తాళంచెవుల గుత్తి ఒళ్లో పెట్టుకుని ఏదో చేస్తున్నాడు. నన్ను చూసి గుత్తి తీసుకెళ్లి, మేకుకి వేలాడుతున్న నా పంట్లాం జేబులో పడేశాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. డిటెక్టివులు అప్పుడే ఏమీ అనరు. ఆయన డ్యూటీకి వెళ్లగానే మూత విప్పి చూశాను. గుణకారం గుర్తు గుర్తులాగే ఉంది. సెల్లు నాదే. మరి ఏం మార్చాడు? ఆఫీసుకి నడుస్తున్నంతసేపూ ఆలోచించాను. మీట నొక్కి చూడాలని మాత్రం తోచలేదు.

ఆ రోజే గొలుగొండ నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. తన పొలం గట్టు గురించి దాయాదితో తగువు. మర్నాడు పొద్దున్నే విచారణ. పాత కాగితం నకలు చూపించకపోతే ఆ పొలం చెక్క పోయినట్టే. "ఉన్నదదొక్కటే సెక్క బాబూ. సాయంత్రానికి కాయితం సేతికొస్తే సాలు," అన్నాడు, గొడుగు గుమ్మానికి ఆనించి, తను నేలమీద కూలబడి. కాగితం వెతికి, నకలు రాసి, అయిదింటికి పెద్దగుమస్తాగారు కుర్చీలోంచి లేచేలోగా సంతకం పెట్టించాలి. మధ్యాహ్నం మూడున్నరకి కట్ట ఏ బీరువాలో ఉందో తెలిసింది. మూడు ముప్పావుకి కరెంటు పోయింది. పెద్ద టార్చి కోసం పరిగెత్తాను. సొరుగుకి తాళం, పెద్దగుమస్తాగారు కాఫీకి వెళ్లారు. సరే, ఇలాంటప్పటి కోసమే కదా కొన్నాం అనుకుని నా గుత్తి తీసి మీట నొక్కాను. వెలగలేదు. తట్టాను, దులిపాను, మూత విప్పి గుర్తు చూసుకుని మళ్లీ బిగించాను. వెలగలేదు. అప్పుడు సర్వం అర్థమైంది. బావ సెల్లు ముట్టుకోలేదు, బల్బు మార్చేశాడు!

కొయ్యూరు బస్సు నాలుగింటికి. ఆఫీసు నుంచి బస్టాండు పది నిమిషాల నడక. నేను నాలుగు నిమిషాల్లో పరిగెత్తాను. నా వెనక గొలుగొండ రైతు, గొడుగు చంకలో పెట్టుకుని. (రమ్మని నేను పిలవలేదు. తన కాగితం పారిపోతోందనుకున్నాడో ఏమో.) బస్సు నిండిపోయింది, ఇంజను ఆడుతోంది. బావ ఫుట్‌బోర్డు మీద నిలబడి ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"దిగు బావా! పొద్దుట నా తాళాల్తో ఏటి సేసేవు?" అని అరిచాను. (మామూలుగా చదువుకున్నవాడిలా మాట్లాడేవాణ్ణి. కోపం వస్తే మా ఊరు బయటికొచ్చేది.)

బస్సులో తలలన్నీ కిటికీల్లోంచి బయటికొచ్చాయి.

"ఏటైనాదిరా?"

"బలుబు మార్సీసేవు కాదా? నీ పాడైన బలుబు నాకెట్టీసి, నా మంచిది నువ్వు తీసీసుకున్నావు! కొన్ననాడే అనుకున్నాను. ఆ టీ ఎందుకు తాగేవో నాకు తెల్దనుకున్నావా?"

కిటికీ పక్కన సీతాఫలాల బుట్టతో కూర్చున్న ఒకావిడ, "ఓలమ్మ, టీ తాగితే తప్పేటి?" అంది.

బావ కిందికి దిగాడు. నా చేతిలోంచి గుత్తి తీసుకున్నాడు. మూత విప్పి, సెల్లు అరచేతిలోకి దొర్లించి, గొట్టంలోకి చిటికెనవేలు పెట్టి, లోపల బల్బు వైపు నుంచి చిన్న కాగితం ముక్క బయటికి లాగాడు. పాత టిక్కెట్టు ముక్క. సెల్లు మళ్లీ వేసి, మూత బిగించి, మీట నొక్కి నా మొహం మీదికి పట్టాడు. వెలిగింది.

"పొద్దుట సూస్తే నీ పంట్లాం జేబు ఎలుగుతున్నాదిరా," అన్నాడు, నెమ్మదిగానే. "మీట నొక్కుడుపడిపోయి రాత్రంతా అలాగే ఎలిగినట్టున్నాది. మీ అప్ప సూసి జడుసుకున్నాది. సెల్లు మిగుల్తాదని కాయితం అడ్డెట్టేను. మా కండక్టర్లమందరం అలగే సేస్తాం. సెప్పమని మీ అప్పకి సెప్పేను. సెప్పలేదేటి?"

చెప్పింది. నేను అన్నం తింటుండగా "ఒరే, టార్చిలో మీ బావ..." అని మొదలుపెట్టింది. మొగుణ్ణి వెనకేసుకొస్తోందనుకుని వినకుండా లేచి చెయ్యి కడుక్కున్నాను.

"కాయితం తీస్తే ఎలిగినాదర్రా!" అని సీతాఫలాలావిడ వెనక సీటువాళ్లకి వివరించింది. బస్సంతా నవ్వింది. బావ నవ్వలేదు. "బేగెల్లు, ముసిలాయన పని సూడు," అని ఈల ఊదాడు. బస్సు వెళ్లిపోయింది. ఆయన ఈలకి బస్సు కదులుతుంది. నేను కొందామనుకున్న ఈలకి ఏం కదిలేదో ఆలోచించుకుంటూ వెనక్కి పరిగెత్తాను. దీపం పసుపుపచ్చగా, నీరసంగా ఉంది గానీ కట్ట దొరికింది, కాగితం దొరికింది. పెద్దగుమస్తాగారు గడియారం వైపు రెండుసార్లు చూసి సంతకం పెట్టారు. ముసలాయన నకలు కళ్లకద్దుకుని, పంచె కొంగున ముడేసుకుని వెళ్లాడు.

ఆ రాత్రి బావ ఇంటికొచ్చి, "ముసిలాయనకి కాయితం దొరికినాదా?" అని అడిగాడు. "దొరికింది," అన్నాను. "మరింకేటి," అని కాళ్లు కడుక్కోడానికి వెళ్లిపోయాడు. నేను క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుంటూ ఉండిపోయాను. ఆ మాటలు ఇప్పటికీ కూర్చడం అవలేదు.

ఆదివారం నాడు ఆ నీరసపు సెల్లుని అందరూ చేసినట్టే పిట్టగోడ మీద ఎండబెట్టాను. ఆ రోజు బావకి సెలవు, ఇంట్లోనే ఉన్నాడు. సాయంత్రం టార్చిలో వేసి నొక్కితే తెల్లటి వెలుగు, కొత్తదానిలాగే! సోమవారం ఆఫీసులో నర్సీపట్నం ఎండ మహిమ గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. పెద్దగుమస్తాగారు నా మాట పట్టుకుని ఆఫీసు సెల్లులు మూడూ వారం రోజులు ఎండబెట్టారు. ఒకటి దొర్లి కాలవలో పడింది, మిగతా రెండూ వెలగలేదు. ఆయనకి ఎండబెట్టడం చేతకాలేదనుకున్నాను. సెల్లు అడుగున గుర్తు మాత్రం మళ్లీ చూడలేదు, ఇంకే సెల్లు మీదా గీయలేదు. సిగ్గు.

పోయిన నెల బావ పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడు అప్ప ఆయన తోలుసంచి తెచ్చి నా ముందు పెట్టి, "ఏటుంచాలో ఏటి పారీయాలో నువ్వే సూడరా," అంది. సంచిలో టిక్కెట్లు గుచ్చే పంచి, ఈల, నల్ల గొట్టం టార్చి ఉన్నాయి. అడుగున కాగితంలో చుట్టిన పెన్సిలు సెల్లు ఒకటి, కారిపోయి తెల్ల పొడి రాలుతూ.

"అయిపోయిన సెల్లు ఎందుకు దాచుకున్నాడు?" అన్నాను.

"ఏటో మరి. పారీబోతే ఊరుకునీవోరు కాదు. అది మా బామ్మర్ది సెల్లు, ఉండనీ అనీవోరు," అంది అప్ప.

అడుగు తిప్పి గోరుతో తుప్పు గీకాను. గుణకారం గుర్తు.

అంటే నా అనుమానం నిజమే. బావ నా సెల్లు మార్చేశాడు. ఆదివారం పిట్టగోడ మీద నుంచి నా నీరసపు సెల్లు తీసేసుకుని, తన కొత్త సెల్లు అక్కడ పెట్టాడు. ఆ గుర్తు చూసే ఉంటాడు. అది ఎందుకు గీశానో తెలుసుకోడానికి ఆయనకి డిటెక్టివు నవలలు అవసరం లేదు. నేరం జరిగింది, ఆధారం చేతికి చిక్కింది, డిటెక్టివు మాత్రం నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చాడు. ఆ మధ్యలో ఆ డిటెక్టివు కనిపించినవాళ్లందరికీ ఎండ గొప్పతనం చెబుతూ తిరిగాడు.

సెల్లుని మళ్లీ ఆ కాగితంలోనే చుట్టి నా జేబులో వేసుకున్నాను. "దాన్నెందుకురా, పాడైపోనాది కదా," అంది అప్ప. ఎండబెడతానని చెప్పాను.