మేజోడులో బియ్యం

డెబ్బై ఒకటి చలికాలం. పూంచ్ వైపు కొండ మీది పోస్టుకు చేరేసరికి ఉదయం పది. మోకాలి లోతు మంచు. ఒక బంకరు, ఆరుగురం. పోస్టుకు పెద్ద హవల్దారు, బీహారు మనిషి. ఫోన్ తీగ చూసే లైన్‌మన్ మిర్యాలగూడ రైస్ మిల్లువాళ్ల కొడుకు. నాది కోదాడ దగ్గర చిలుకూరు. వంట నా డ్యూటీ.

మా ఇంట్లో వండే ముందు అమ్మ పిడికెడు బియ్యం తీసి విడిగా కుండలో వేసేది. ఆదివారం చర్చిలో అందరి పిడికెళ్లూ కలిపి, పొయ్యి వెలగని ఇంటికి పంపేవాళ్లు. నేను బయలుదేరుతుంటే, "ఏడున్నా పిడికెడు మానకు బిడ్డా" అంది. మానలేదు. నా వాటాలోంచి రోజూ పిడికెడు తీసి ఉన్ని మేజోడులో పోసేవాణ్ణి.

లైన్‌మన్ ఏడిపించేవాడు. "గీ మంచుల ఎవలకిస్తవురా? ఎలుగుబంటికా?"

"ఇచ్చే జాగ దేవుడే సూపిస్తడు."

పదో రోజు దారి మూసుకుపోయింది. రేషను సగమైంది. పన్నెండో రోజు పొద్దున ఏడున్నరకు గుండు పడి తీగ తెగింది. లైన్‌మన్ పట్టుకారు తీసుకుని బయటికి పాకాడు. ఎనిమిదింటికి హవల్దారు పొడి మేజోళ్లు వెతుకుతుంటే నాది దొరికింది.

"తోటివాళ్లు పస్తులుంటే తిండి దాచావా?" అన్నాడు హిందీలో.

"నా వాటాలోదే ఉస్తాద్. రోజుకో పిడికెడు."

చేత్తో తూచి చూశాడు. "పిడికెడే అయితే ఇంత బరువా?"

నిజమే. అందులో సగమే ఉండాలి.

"లైన్ కలవనీ. కిందికి రిపోర్టు చేస్తాను."

రేషను దొంగతనమంటే కోర్టు మార్షల్. అదొక్కటే కాదు, ప్రార్థన చేసి సాగనంపిన మా సంఘం ముందు ఏ ముఖంతో నిలబడాలి? ఆ రెండు గంటలూ దేవుణ్ణి ఒక్కటే అడిగాను, లైన్ కలవకూడదని. వాడు బయట మంచులో తీగ ముడివేస్తున్నాడని తెలిసీ, సిగ్గు లేకుండా అడిగాను.

పదింటికి ఫోన్ మోగింది. కాసేపటికి లైన్‌మన్ వచ్చాడు. చేతి తొడుగులతో ముడి పడక వాటిని తీసేశాడట. కుడిచేతి వేళ్లు కొవ్వొత్తుల్లా తెల్లబడ్డాయి. హవల్దారు రిసీవర్ ఎత్తాడు. పక్కనే మేజోడు. అది చూడగానే లైన్‌మన్‌కు సంగతి తెలిసిపోయింది.

"ఉస్తాద్, అందులో సగం నా వాటాది" అన్నాడు హిందీలో. నా వైపు తిరిగి, "నువ్వొక్కనివే ఏస్తుంటే సూడబుద్ధి కాలేదురా. నేను గూడ రోజొక పిడికెడు ఏసిన" అన్నాడు.

హవల్దారు మా ఇద్దరినీ చూశాడు. రిసీవర్‌లో "లైన్ ఓకే" అని పెట్టేశాడు.

"వండు" అన్నాడు నాతో.

ఆ బియ్యంతో ఆరుగురం రెండు రోజులు గంజి తాగాం. మూడో రోజు దారి తెరిచి వాణ్ణి స్ట్రెచర్ మీద దించారు. దవాఖానాలో నాలుగు వేళ్లు తీసేశారు.

ఎండాకాలంలో నేను ఇంటికి వచ్చాను. ఆదివారం వాడు మిర్యాలగూడ నుంచి బస్సులో దిగాడు, చంకలో బియ్యం సంచి. చర్చి గుమ్మం దగ్గరే నా పాపిష్టి ప్రార్థన చెప్పేశాను. ఏడ్చాను కూడా.

వాడు సంచి రెండో చంకకు మార్చుకున్నాడు. "లైన్ కలిసింది గద. ఇగ పా, లోపలికి" అన్నాడు.

బియ్యం గంప మా ముందుకు వచ్చింది. అమ్మ తన పిడికెడు వేసింది. వాడు కుడిచెయ్యి సంచిలో పెట్టాడు. పిడికిలి ముడుచుకోదు. గింజలు జారిపోయాయి. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారాయి. అప్పుడు ఎడమచెయ్యి కింద పట్టి, రెండు చేతులా దోసెడు పైకెత్తి గంపలో పోశాడు.

ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ వండే ముందు బియ్యంలో చెయ్యి పెట్టి పిడికిలి బిగిస్తాను. నాకు ఆ దోసిలే కనబడుతుంది.