వదులు కోటు కెప్టెన్

కెప్టెన్ అంటే ఓడ నడిపేవాడనో, యుద్ధంలో ముందుండేవాడనో అనుకునేవాళ్ళు ఒక్కసారి పెద్ద హోటల్ భోజనాల హాల్లో కూర్చుని చూడాలి. అక్కడా ఉంటాడొక కెప్టెన్. తెల్లచొక్కాల వెయిటర్ల మధ్య నల్లకోటు తొడుక్కుని, ఏ టేబుల్‌కి ఏది ఎప్పుడు వెళ్ళాలో చెప్పేది ఆయనే. మన బక్కాయనకి ఆ పదవి వచ్చింది. గిన్నెలు కడగడంతో మొదలుపెట్టిన మనిషికి అది చిన్న సంగతా!

ఇంట్లో ఆ మాట ఆ రోజునుంచే చలామణీలోకి వచ్చింది. "కెప్టెన్ గారూ, కాస్త ఆ బల్బు మార్చండి" అని భార్య పనులు పురమాయించేది. అత్తగారైతే "మా అల్లుడు కెప్టెన్" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది. ఆయన పైకి సిగ్గుపడేవాడు గానీ లోపల పొంగిపోయేవాడు.

చిక్కంతా హోటల్లోనే. అక్కడ ఒక్కరి నోటా ఆ మాట రాదు. కోటేమో పాత కెప్టెన్ వదిలివెళ్ళింది. ఆయన భారీ మనిషి. అందులో బక్కాయనలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. ప్లేట్లు పట్టడం నేర్పిన ముసలి వెయిటర్‌ని అందరూ బాబాయ్ అంటారు. ఆ బాబాయే, "ఒరేయ్ బక్కోడా, కొక్కేనికి తగిలించినట్టుందిరా కోటు!" అని నవ్వేవాడు. మిగతావాళ్ళదీ అదే దారి. పని చెబితే "చూద్దాంలే" అనేవాళ్ళు. "నేను కెప్టెన్ని" అనడానికి బక్కాయనకీ నోరు పెగిలేది కాదు. పని నేర్పిన మనిషి ముందు ఏ మొహం పెట్టుకుని అంటాడు?

మేనేజర్ ఇదంతా కనిపెట్టాడు. "ఈ ఆదివారందాకా చూస్తా. అప్పటికీ నీ మాట వినకపోతే కోటిచ్చేసి మళ్ళీ ప్లేట్లు ఎత్తుకో" అని తెగేసి చెప్పాడు.

ఆదివారం సాయంత్రం హాలు కిటకిటలాడుతోంది. కొంతకాలంగా బాబాయ్ మణికట్టు మొరాయిస్తోంది, ఎవరికీ చెప్పడు. కిటికీ పక్క టేబుల్ దగ్గర గిన్నె జారి, టమాటా సూపంతా ఒక పెద్దమనిషి తెల్లచొక్కా మీద ఒలికిపోయింది. ఆయన అక్కణ్ణుంచి కూతురి పాటకచేరీకి వెళ్ళాలట. "ఎవరయ్యా నిన్ను పనిలో పెట్టుకుంది? ఇవాళే నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా!" అని లేచాడు. బాబాయ్ తల దించుకున్నాడు. వెయిటర్లు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

బక్కాయన గబగబా వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు.

"ఆయన్నేం అనకండి సార్. ఇక్కడ కెప్టెన్ని నేను. ఏదున్నా నన్నడగండి."

అనేశాక ఆయనకే ఆశ్చర్యం వేసింది. తిట్లన్నీ ఇటు తిరిగాయి. నిలబడి అన్నీ పడ్డాడు. ఆ తర్వాత కోటు విప్పి, "ఇది తొడుక్కుని గుండీలు పెట్టుకుంటే మరక కనబడదు సార్. అమ్మాయి పాటకి టైమవుతుందేమో" అన్నాడు. పెద్దమనిషిదీ భారీ ఒళ్ళే. కోటు ఆయనకే కుట్టినట్టు సరిపోయింది. "రేపు పంపిస్తాలే" అని కాస్త చల్లబడి వెళ్ళాడు.

ఇప్పుడు బక్కాయన కూడా తెల్లచొక్కాల్లో ఒకడు. కౌంటర్ దగ్గర మేనేజర్ చూస్తూనే ఉన్నాడు. ఉన్న కోటూ చేజేతులా ఇచ్చేశాను, ఇంటికెళ్ళి ఆవిడకేం చెప్పను అని బక్కాయన బెంగపడ్డాడు.

బాబాయ్ మొరాయించిన చేతిని జేబులో దాచుకుని దగ్గరకొచ్చాడు. హాలంతా వినబడేలా అడిగాడు.

"కెప్టెన్! నాలుగో టేబుల్‌కి అన్నం పంపమంటారా, ఆగమంటారా?"

బక్కాయనకి కళ్ళు చెమర్చాయి. అంత గర్వం ఆయన జన్మలో ఎరగడు. లేని కోటుకి గుండీ పెట్టుకోబోయి, చొక్కా సర్దుకుని, "పంపించు బాబాయ్. నువ్వు కాసేపు కూర్చో, ఇంకెవరైనా తీసుకెళ్తారు" అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే పక్కనున్న వెయిటర్ ట్రే ఎత్తాడు.

మేనేజర్ వచ్చి ఆయన భుజాల్ని ఎగాదిగా చూశాడు.

"రేపు కాస్త ముందు రా. టైలర్ వస్తాడు, నీ కొలతలు ఇవ్వాలి."