పిల్లల వార్డు మహబూబ్బీ సిస్టర్

నిన్న పొద్దున టీకి స్టవ్ వెలిగిస్తుంటే ఆదోని నుంచి ఫోన్.

"అత్త పోయింది చిన్నమ్మా" అన్నాడు మహబూబ్బీ అక్క తమ్ముడి కొడుకు.

స్టవ్ ఆపేసి బయల్దేరాను. ఎమ్మిగనూరు బస్టాండు దాకా ఎట్లా వచ్చానో కూడా గుర్తులేదు.

డెబ్బైల చివర్లో ఆదోనిలో పిల్లల వార్డులో నేను కొత్త నర్సుని. అక్క నా సీనియర్. అప్పుడు ఐసీయూ అనే మాటే వినలేదు. వార్డు చివర ఒక గది, సీరియస్ పిల్లలందరూ అందులోనే. ఆక్సిజన్ సిలిండర్ ఒక్కటే.

ఆ గదిలో బిడ్డ పోయిన రోజు మా ఇంట్లో నాకు వేరే రూల్. పెరట్లో తలస్నానం చేసినా సరే, పొద్దుగూకేదాకా మా అత్త నా బిడ్డను నా చేతికి ఇచ్చేది కాదు. పోయిన బిడ్డ ఊసు ఇంట్లో ఎత్తకూడదు.

అందుకే డ్యూటీ దిగగానే అక్క నన్ను వాళ్ళింటికి లాక్కెళ్ళేది. బొరుగుల ఉగ్గాని పెట్టి ఎదురుగా కూర్చునేది.

"ఏడ్సేదుంటే ఈడనే ఏడ్సేసి పో. ఇంటికి పోయినాక బిడ్డ ముందర నవ్వల్ల గదా."

అక్కను అట్లా కూర్చోబెట్టేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

నయమైన పిల్లలది ఇంకో బాధ. ఆస్పత్రి నుంచి పోయేటప్పుడు "వస్తాం" అనకూడదు కదా. అందుకని వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అక్క నవ్వేసేది.

ఒకసారి గోనెగండ్ల పిల్లోడు. నిమోనియా. గండం గట్టెక్కేదాకా అక్క వాడి మంచం వదల్లేదు.

కొన్నాళ్ళకు సంతలో కనిపించాడు, బొద్దుగా. అక్క చేతులు చాపింది. వాళ్ళమ్మ మమ్మల్ని గుర్తుపట్టింది. గుర్తుపట్టి కూడా, వాడి మొహం మీద కొంగు కప్పి పక్క సందులోకి తిరిగింది. పాపం, ఆమె తప్పేం లేదు. మమ్మల్ని చూస్తే ఆ గదే గుర్తొస్తుంది.

"ఒక్కసారి ఎత్తుకుంటే సాలనుకుంటినమ్మా" అంది అక్క.

ఆమె కళ్ళలో నీళ్ళు చూసింది ఆ రోజే.

నిన్న అక్క ఇంటి నిండా జనం. ఆ గది సంగతులు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఎవరితో చెప్పుకోను?

అక్కను మోసుకుపోయే జనాజా బజార్లోకి వచ్చాక గుమ్మంలో నిలబడి చూశాను. దారిన పోయేవాళ్ళు బండ్లు ఆపి వచ్చి, నాలుగడుగులు భుజం పట్టి వెళ్ళారు. అది వాళ్ళ ఆనవాయితీ. ఎవరిని మోస్తున్నారో చాలామందికి తెలియదు. ఎక్కువమంది నడివయసు వాళ్ళు. కనిపించినంత దూరం వాళ్ళ మొహాల్లోనే వెతికాను.

మన గది పిల్లోడు ఒక్కడైనా నిన్ను ఎత్తుకునే ఉంటాడక్కా.

పోయిరా. నిన్నెవరూ డ్యూటీకి లేపకుండా ఆ అల్లా చూసుకోవాలి.