రావుగారి పడవకు బాబా చెప్పిన ఖలాస్

2023 మే నెలలో నేను అరబ్ తీరంలోని రాస్ అల్ ఖైమాలో ఒక కుటుంబం నడుపుకొనే మరీనాలో డాక్ మాస్టర్‌గా చేరాను. మరీనా అంటే పడవల పార్కింగ్. పడవ నిలిపే చోటును బెర్త్ అంటారు. ఈ ముక్క మా అమ్మకు చెప్పినప్పటి నుంచి కాకినాడలో మా వీధంతా నేను రైల్వేలో ఉన్నాననే అనుకుంటోంది. ఇప్పుడు రిటైరయ్యాను. వయసు ముప్పై నాలుగు. ఆ కుటుంబం మరీనాను పెద్ద కంపెనీకి అమ్మేసి నన్ను రిటైర్ చేసింది అనడం వ్యాకరణం ప్రకారం సరైన మాట.

హోదాల సంగతి చెప్పాలి. అందరికంటే పైన బాబా, ఆ మరీనా కట్టిన పెద్దాయన. ఆయన కింద ముదీర్, అంటే మేనేజరు, ఆయన కొడుకే. ఆ కింద నేను. నా కింద నీళ్లు.

చుట్టుపక్కల పెద్ద మరీనాలు రేట్లు పెంచాయి కాబట్టి మనమూ పెంచాలన్నది ముదీర్ నిర్ణయం. లగ్జరీ యాట్‌ల వాళ్లకు అది దోమకాటు. పడవనే ఇల్లుగా చేసుకుని సముద్రాలు తిరిగే క్రూయిజర్లకు మాత్రం ఇంటద్దె పెరిగినట్టే. మా దగ్గర అలాంటి జంట ఒకటి ఉండేది. రావుగారిది విశాఖ. ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా చేసి, నాలా కాకుండా సక్రమంగా రిటైరయ్యారు. ఆయన భార్య శారదగారు. కొత్త రేటు వాళ్లకు అందేది కాదు. ఊరికి వెళ్దామంటే వర్షాకాలం ముంచుకొస్తున్న అరేబియా సముద్రం చిన్న పడవకు దారివ్వదు. బయట లంగరేసుకుంటే ఒడ్డు కరెంటు ఉండదు, కరెంటు లేకపోతే ఏసీ ఉండదు, ఏసీ లేని పడవలో జూన్ నెలంటే ఇడ్లీ పాత్రలో కాపురం. శారదగారికి అంతకుముందు వేసవిలోనే ఒకసారి వడదెబ్బ తగిలింది.

అద్దె పడవ పొడవును బట్టి ఉంటుంది. పొడవంటే పడవ ఒళ్లు ఒక్కటే కాదు. ముందు పొడుచుకొచ్చిన లంగరు మొదలు వెనక పొడుచుకొచ్చిన ఆఖరి వస్తువు దాకా కొలవాలి. ఇక్కడ ఆ ఆఖరి వస్తువు శారదగారు చీరలు ఆరేసుకునే కర్ర. దాంతో పడవ పై తరగతిలో పడింది.

"కర్రక్కూడా అద్దేటి బాబూ?" అన్నారావిడ.

"కర్రకు కాదండి, అది ఆక్రమించిన గాలికి."

"అయితే లోపలికి లాగేస్తాను. మళ్లీ కొలిచి చూడు."

కర్ర లోపలికి వెళ్లింది. తరగతి తగ్గింది. ముదీర్ పెంచిన రేటు మాత్రం తగ్గలేదు.

ఇక బాబాకే మొరపెట్టుకోవాలని రావుగారు ఆయన్ను పడవ మీదికి కాఫీకి పిలిచారు. తండ్రి ఎక్కడ మెత్తబడతాడోనని ముదీర్ కాపలా వచ్చాడు. నేను ముందు వైపు తాళ్లు సరిచూస్తున్నట్టు నటిస్తూ చెవులు వెనక్కి పెట్టాను. ఈ ఒక్క వేసవికి పాత రేటే ఉంచండి, వర్షాలు తగ్గగానే వెళ్లిపోతాం అని రావుగారు ఓడల హిందీలో విన్నవించారు. ముదీర్ అరబ్బీలో అడ్డుపడ్డాడు. ఇద్దరి గొంతులూ లేచాయి. వాటి మీదుగా బాబా గొంతు పేలింది.

"ఖలాస్! ఖలాస్!"

బాబా లేచి, గుండెల మీద చెయ్యి పెట్టి శారదగారికి వందనం చేసి, దిగిపోయారు.

ఖలాస్ అంటే అయిపోయిందని. ఏది అయిపోయిందన్నది వినేవాడి భయాన్ని బట్టి ఉంటుంది. ముదీర్ తన వాదన అయిపోయిందనుకుని మొహం మాడ్చుకుని వెళ్లాడు. రావుగారు తన పనే అయిపోయిందనుకుని ప్రయాణానికి ఇంజన్ ఆయిల్ చూడడం మొదలెట్టారు.

"నువ్వెళ్లి అడిగిరా బాబూ," అన్నారు శారదగారు. "ఈయన రేపు పొద్దున్నే నన్ను తుఫాన్లోకి తీసుకుపోయేలా ఉన్నారు."

పెద్దాయన ఒక మాట అన్నాక, దానికి అర్థమేమిటని అడగడం అక్కడ మర్యాద కాదు. ఉద్యోగంలో కొత్త, పోయేది పెద్దగా లేదు కాబట్టి మర్యాద తప్పే బాధ్యత నాకు పడింది.

వెళ్లి బాబానే అడిగాను. ఆయన హిందీలో చెప్పినదాని సారం ఇది. వాళ్ల ఆచారంలో అతిథి ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపితే ఇక చాలని అర్థం. ఆయన ఊపారు. శారదగారు నింపారు. మళ్లీ ఊపారు. మళ్లీ నింపారు. ఆయన ఖలాస్ అన్నది కాఫీతో. రేట్ల గొడవ ఆయన వినలేదు.

"మావాడు ఏమనుకున్నాడు?" అని అడిగారు.

"పాత రేటే ఉంచమని మీరు తీర్పు చెప్పారనుకున్నారు."

"ఎదురు చెప్పాడా?"

"లేదు బాబా."

"చాలా ఏళ్లకు నా మాట విన్నాడు. ఇప్పుడు కాఫీ గురించి అన్నానని చెప్పి చెడగొట్టుకోమంటావా? వర్షాలు తగ్గేదాకా పాత రేటే. యల్లా, పో."

నేను వచ్చి చెప్పగానే రావుగారు ఆయిల్ డబ్బా కింద పెట్టేశారు. శారదగారు నోరు నొక్కుకున్నారు.

"అయ్యో! కప్పు ఊపుతుంటే, ఇంకా కావాలని నోటితో అడగడానికి మొహమాటపడుతున్నారనుకున్నాను. పాపం, పోసినవన్నీ తాగేశారే!"

కుటుంబ సంస్థల్లో పనిచేయబోయేవారికి పనికొచ్చే సంగతి ఇంతే. పెద్దాయన తీర్పు చెప్పినప్పుడు, అమలు చేసే ముందు, ఆయన ఎవరితో మాట్లాడుతున్నారో కనుక్కోవాలి. కనుక్కున్నాక ముదీర్‌కు చెప్పకూడదు.