విరహాగ్నికి కలబంద

నిజాం జమానాలో, బోధన్ చక్కెర కార్ఖానాలో గుమాస్తాగా కుదిరేనాటికి నాకు పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. ఇల్లు దొరికేదాకా నా భార్య బాల్కొండలో పుట్టింట్లోనే ఉంది. నేను కార్ఖానా దగ్గర ఒక గదిలో మరో గుమాస్తాతో కలిసి వండుకు తినేవాణ్ణి.

దఫ్తరులో పగలంతా ఉర్దూ రాతే. తెలుగులో కలం పట్టేది భార్యకు కార్డు రాసేటప్పుడే. అందుకని నా పాండిత్యమంతా అక్కడే ఒలకబోసేవాణ్ణి. ‘బువ్వ తిన్నవా’ అని రాయడం నామోషీ. ఒకసారి ఇలా రాశాను: “ప్రాణేశ్వరీ! అహోరాత్రములు విరహాగ్నిచే దగ్ధమగుచున్నాను. గాత్రము కమిలినది. నీ కరస్పర్శయే శరణ్యము.”

ఆ కార్డు మా మామగారి చేతిలో పడింది. ఆయన పసుపు పండించే రైతు, చదువు రాదు. నా భార్యకు చదవడం వచ్చినా ఆ భాష కొరుకుడు పడలేదట. ఊరి పంతులు దగ్గరికి తీసుకుపోతే, ఆయన ‘ప్రాణేశ్వరి’ని మొహమాటపడి మింగేసి మిగతాది గడగడా చదివాడట. అర్థం చెప్పమంటే నీళ్లు నమిలాడట. మామగారికి అందింది అగ్ని, దగ్ధం, కమలడం. అల్లుడు పనిచేసేదా, పాకం సలసల కాగే చోట. ఇంకేముంది!

శుక్రవారం సెలవు. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా మామగారు, చంకలో కలబంద మట్టల మూట.

“బిడ్డా, ఏడ గాలింది? అంగి ఇప్పు, సూస్త.”

“ఏం గాలలేదు మామా.”

“నాతోని దాస్తవా? ఒళ్లంత కమిలిందని నువ్వే రాస్తివి గద! ఇంట్ల ఆడోళ్లు ఏడుస్తున్నరు.”

ఆయన చెయ్యి అప్పటికే నా గుండీల మీద పడింది. విరహమంటే ఏమిటో అల్లుడు మామకు ఏ మొహంతో చెబుతాడు?

“అది... కవిత్వం మామా.”

“గది ఏం మిషనో నాకు తెల్వది. యాడ తగిలిందో సెప్పు!”

పొయ్యి దగ్గరున్న నా జోడీ గుమాస్తా ఇక ఆగలేకపోయాడు. “కాలుడు లేదు, గీలుడు లేదు పటేలా! మీ బిడ్డ యాదికొస్తుందంట. గంతే!”

మామగారు నన్ను ఎగాదిగా చూశారు. “గంతేనా? గా మాటే రాస్తే నేనే తోల్కొస్తుంటి గద!” అని పకపకా నవ్వారు. మా మాడిన అన్నం తిని, బండెక్కి వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు నా భార్య కార్డు వచ్చింది. “బాపు మంచిగ చేరిండు. ఊరంత తెలిసింది. నీళ్లకు పోతే, మీ ఆయన మంట సల్లారిందా అని అడుగుతున్నరు. సిగ్గయితుంది గాని నవ్వు గూడ ఆగుతలేదు. నువ్వు రాసింది ఒక్క ముక్క సమజ్ కాలే. ఇల్లు దొరికిందా లేదా, అది రాయి.”

ఒక్కణ్ణే కూర్చుని పగలబడి నవ్వాను. జవాబు రాయబోతే మాత్రం చేయి కదలలేదు. ‘దగ్ధమగుచున్నాను’ అని రాసినప్పుడు రాని సిగ్గు, ‘నువ్వు యాదికొస్తున్నవు’ అని రాస్తుంటే ముంచుకొచ్చింది. చెవులు వేడెక్కాయి. ఎలాగో రాశాను: “ఇల్లు దొరికింది. చిన్నది. నువ్వు యాదికొస్తున్నవు. జల్ది రా.”

వచ్చింది. కాపురం చక్కబడేదాకా ఉంటానని వెంట అత్తగారు కూడా దిగారు. ఆ ఒంటిగది ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకోవాలంటే కొన్నాళ్లు చీటీలే దిక్కయ్యాయి. వాటిల్లో ఒక్క సమాసమైనా రానివ్వలేదు.