ఆయన చప్పట్లు

రాజమండ్రి మెయిన్ రోడ్డు పక్క సందులో పాటలు క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చే ఒకాయన ఉండేవారు. ఆయన దగ్గర ఒక విదేశీ రాక్ బృందం కచేరీ రికార్డు ఉండేది. విడుదలైన కొన్నాళ్ళకే పాటగాళ్ళు తగువులాడుకుని కోర్టుకెక్కడంతో కంపెనీ దాన్ని కొట్లలోంచి వెనక్కి తెప్పించేసుకుంది. ఓడలో పనిచేసే బావమరిది అంతకు ముందే ఒక కాపీ తెచ్చి ఇచ్చాడట.

ఆయన స్పీకరు ముందు మైకు పెట్టి రికార్డు చేసేవారు. కాలేజీ రోజుల్లో నేనూ ఆ కచేరీని క్యాసెట్లోకి ఎక్కించుకున్నాను. ఇంటికెళ్ళి వింటే, ప్రతి పాట చివరా కచేరీలోని జనం హోరుకంటే దగ్గరగా ఇంకెవరివో చప్పట్లు! ఒళ్ళు మండి మర్నాడే వెళ్ళాను.

"ఏంటండీ ఇది? మీ చప్పట్లు కూడా పడ్డాయి!"

"కచేరీకెళ్ళి చేతులు ముడుచుకుని కూర్చుంటామా అండీ?" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

నేను నవ్వలేదు. అదే క్యాసెట్ మీద మళ్ళీ చేయమన్నాను. చివరి పాట అయ్యేదాకా ఆయన చేతులు కట్టుకునే నిలబడ్డారు. పాట ముగిసినప్పుడల్లా వేళ్ళు మాత్రం మోచేతుల మీద కదిలేవి.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. తగువులన్నీ తీరి ఆ కచేరీ ఈమధ్యే ఫోన్లోకి వచ్చింది. నిన్న సాయంత్రం గోదావరి గట్టున కూర్చుని విన్నాను. ఎక్కడా చిన్న గరగర కూడా లేదు. పాట ముగిసింది. వేలమంది చప్పట్లు కొట్టారు. తుడిపించింది నేనేనని తెలిసి కూడా, ఆ రెండు చేతుల కోసమే చెవులు రిక్కించాను.